గుండ్రటి గీతలు

సెప్టెంబరు 2, మంగళవారం

ఆస్పత్రిలో మా ఆయన చేతికట్టు విప్పారు. కుడిచెయ్యి సన్నబడిపోయి, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది. ఆస్పత్రి మెట్లు దిగుతూ ఆయన మాట్లాడిన మొదటి మాట బండి గురించి.

సాయంత్రం నేను, ఆయన, అత్తయ్య షెడ్డులోకి వెళ్ళి పట్టా తీసి చూశాం. జూలైలో ఊళ్ళకు వెళ్ళే రోడ్డు మలుపు దగ్గర కంకర మీద జారి పడ్డప్పటి నుంచీ బండి దాని కిందే ఉంది. వంగిన హ్యాండిల్‌ను వీధి చివరి మెకానిక్, అందరూ పానా అని పిలిచేవాడు, అప్పుడే సరిచేశాడు. ఇంజను తొలి తన్నుకే పలికింది. చెడిందల్లా ముందద్దం. అద్దం అంటాం గానీ అది ప్లాస్టిక్కు. ట్యాంకు దగ్గర మొదలై ఆయన నుదురు పైదాకా వస్తుంది. కుడి సగమంతా రోడ్డుకు రాసుకుపోయింది. దానిలోంచి చూస్తే ఎదుటి గోడ గడ్డివాము వెనక ఉన్నట్టుంది. ఆయనకు గాలి తగిలితే కళ్ళు నీళ్ళు కారతాయి. అద్దం లేకుండా ఊళ్ళ రూటు తిరగలేరు.

అత్తయ్య అద్దాన్నీ కొడుకునూ మార్చి మార్చి చూసి, ఆ రోడ్డు ఎలా ఉందో ఎవరైనా వెళ్ళి కనుక్కున్నారా అని అడిగింది.

పశువుల ఆస్పత్రి పెద్ద డాక్టరు ఈయనకు నెలాఖరు దాకా సెలవిచ్చాడు. ఇరవై తొమ్మిదో తేదీకల్లా ఈయన తేల్చి చెప్పాలి. మళ్ళీ బండి మీద ఊళ్ళు తిరిగి పశువులకు వైద్యం చేస్తారా, లేక ఇక్కడే పశువుల మందుల గోదాములో కూర్చుంటారా అన్నది. చెప్పకపోతే రూటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

అద్దం బాగైతే బండి ఎక్కుతానన్నారు. బాగుచేసే పని నాది, అది పూర్తయ్యేదాకా బండి ముట్టుకోకూడదు అన్నాను. పేచీ పెడతారనుకున్నాను. వెంటనే ఒప్పుకున్నారు.

సెప్టెంబరు 3, బుధవారం

కొత్త అద్దం కోసం ఒక షాపుకి ఫోన్ చేశాను. ఆ మోడల్ ఆపేశారు, దొరకదు అన్నాడు. ఒక్కరి మాట పట్టుకుని నేనెప్పుడూ పత్రికకి వార్త ఇవ్వలేదు. ఇవాళ ఒక్కరి మాట చాలింది. ఆయనకు చెప్పాను. ఆయన కూడా ఇంకో షాపు పేరు ఎత్తలేదు.

సెప్టెంబరు 6, శనివారం

పానా వచ్చి అద్దం చూశాడు. ఇందుకోసం మీరెందుకు శ్రమపడాలి వదినా, కిరోసిన్ గుడ్డతో నాలుగుసార్లు తుడిస్తే గీతలు లోపలికి కూర్చుంటాయి అన్నాడు. నేను వద్దనేలోపే కింద మూల ఒకచోట తుడిచి చూపించాడు. ఆ మూల పాలు ఒలికినట్టు తెల్లబడింది. వాడు కాసేపు దానికేసి చూసి, ప్లాస్టిక్కు కల్తీది అని తీర్పు చెప్పి, టీ తాగి వెళ్ళాడు.

మా ఆఫీసుకి ప్లాస్టిక్కు పేరు బోర్డు చేసిన మనిషికి ఫోన్ చేసి అసలు పద్ధతి ఏమిటో అడిగి రాసుకున్నాను. ఈసారి ఇంకొకరిని కూడా అడిగి సరిచూసుకున్నాను.

సెప్టెంబరు 7, ఆదివారం

అద్దం బోల్టులు విప్పి, వరండాలో బల్ల మీద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టాను.

మొదట కడగాలి. పొడిగుడ్డతో ముట్టుకుంటే ఉన్న దుమ్మే కొత్త గీతలు పెడుతుంది. తడిగుడ్డ కప్పి, అతుక్కున్న పురుగులు నానేదాకా ఆగాలి. ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుని, గుడ్డ అంచు ఎత్తి ఒక్కో మచ్చా ఎక్కడ తగిలిందో చెప్పడం మొదలుపెట్టారు. ఇది కాలవగట్టు మీద తూనీగ. ఇవి కోళ్ళఫారం ఈగలు, అక్కడ బండి మీద నోరు తెరవకూడదు. ఈ పచ్చటిది పురుగు కాదు, మేక తుమ్ము.

మేక అంత ఎత్తుకి ఎలా వచ్చింది అని అడిగాను.

"వైద్యం నచ్చక సీటెక్కింది" అన్నారు.

ఆయన నవ్వుతుంటే అత్తయ్య లోపలి నుంచి, వాడు నవ్వి ఎన్నాళ్ళయిందే అంది. లెక్క వేయబుద్ధి కాలేదు.

కడిగాక గోరు పరీక్ష. గీతకు అడ్డంగా గోరు లాగాలి. జారిపోతే పాలిష్ చాలు. ఆగితే ఉప్పుకాగితం పట్టాలి. ఎడమవైపు జారింది. కుడివైపు ఎక్కడ లాగినా ఆగింది. నా తరవాత ఆయన కూడా ఎడమచేతి గోటితో ఆ గీతలన్నీ ఒక్కొక్కటిగా తడిమి చూసుకున్నారు. తరవాత లేచి లోపలికి వెళ్ళిపోయారు. మేక మాట, తూనీగ మాట మళ్ళీ రాలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చాక బల్లనూ అద్దాన్నీ షెడ్డులోకి మార్చి పని మొదలుపెట్టాను. ఉప్పుకాగితం నీళ్ళలో నానేసి, తడిగా పట్టాలి. గరుకుదాంతో నిలువుగా. ఆ గీతలు పోయేదాకా నడిరకంతో అడ్డంగా. మళ్ళీ సన్నదాంతో నిలువుగా. చివర పాలిష్. గుండ్రంగా మాత్రం ఎప్పుడూ రుద్దకూడదు, ఆ గీతలు ఎదురు వెలుతురులో సాలెగూడులా మెరుస్తాయి. ఒకేచోట పదేపదే రుద్దితే అక్కడ పలచబడి చూపు వంకరపోతుందని కూడా ఆ బోర్డుల ఆయన అన్నాడు.

గంట రుద్దేసరికి అద్దం మొత్తం తెల్లగా మసకబారింది. అలాగే అవుతుందట, బాగయ్యే ముందు ఇంకా చెడుతుందట. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని చూసి, గీతలే నయం, సందుల్లోంచైనా కనిపించేది అంది.

సెప్టెంబరు 10, బుధవారం

తొందరేం లేదు. పద్ధతిగా చేయాలి.

సెప్టెంబరు 11, గురువారం

రాత్రి భోజనం వేళకి ఆయన ఫోన్ మోగింది. కాలవ అవతలి రైతు. వాళ్ళ ఆవు దగ్గుతోందట. ఈయన రూటులో తాత్కాలికంగా వేసిన డాక్టరు వారానికోసారి కూడా రావడం లేదట.

దగ్గు ఎలా ఉందని ఈయన అడిగారు. రైతుకి చెప్పడం రాలేదు. ఈయనే దగ్గి వినిపించారు. ఒకసారి లోతుగా, ఒకసారి పొడిగా, ఒకసారి చివర ఈలలాగా. "ఇలాగా? పోనీ ఇలాగా?" అని అడుగుతూ వరండా అంతా తిరిగారు. అత్తయ్య మందుసీసా, చెంచా పట్టుకుని వెనకాలే తిరిగింది. మందు నాక్కాదమ్మా, ఆవుకి అంటే, "ఆవు దగ్గింది నేను వినలేదు, నువ్వు దగ్గింది విన్నాను, తాగు" అంది.

ఆయన తాగారు. రైతు లైనులోనే ఉన్నాడు.

సెప్టెంబరు 13, శనివారం

మందుల గోదాము చూసి వద్దామని నేనే అడిగి తీసుకెళ్ళాను. బస్సులో వెళ్ళాం.

బాగుంది. పైకప్పు గట్టిది. ఫ్యాను తిరుగుతోంది. టేబులుంది, కుర్చీ ఉంది, కుర్చీకి చక్రాలున్నాయి. ఇక్కడ పడితే ఆ కుర్చీలోంచే పడాలి. ఇంటికి రెండు స్టాపులు. అక్కడి గుమాస్తా ఈయనకు అరలన్నీ చూపించాడు. ఈయన ఒక సీసా తీసి, పేరు చదివి, మళ్ళీ అదే చోట పెట్టారు. ఇంకో సీసా తీశారు, చదివారు, పెట్టారు.

తిరిగి వస్తూ, బాగుంది కదా అన్నాను. కిటికీ లేదు అన్నారు. 

అత్తయ్యకు చెప్తే, వీడు నెల తిరక్కుండా సీసాలకు పేర్లు పెట్టి పిలుస్తాడు అంది.

అయినా మంచి చోటు. రాసి పెట్టుకుంటున్నాను: మంచి చోటు.

సెప్టెంబరు 14, ఆదివారం

నడిరకం పూర్తయింది. సన్నది పడితే రేపో ఎల్లుండో తేరుకునేలా ఉంది. వెలుతురుకి ఎత్తి చూస్తే మధ్యలో, కళ్ళకి ఎదురుగా వచ్చేచోట, ఒక గీత మిగిలింది. గోరు ఆగింది. ఆగినట్టే అనిపించింది. మళ్ళీ గరుకుది పట్టాను.

సెప్టెంబరు 15, సోమవారం

మళ్ళీ గరుకుది.

సెప్టెంబరు 16, మంగళవారం

అద్దం మీద నేను పెట్టని గీతలున్నాయి.

నావి నిలువు, అడ్డం. ఇవి గుండ్రం. రూపాయి బిళ్ళంత చుట్లు, ఒకదాని మీద ఒకటి, పై భాగమంతా. దీపం పక్కకి జరిపి చూశాను, కిందికి దించి చూశాను. నిన్న సాయంత్రం కప్పి పెట్టినప్పుడు లేవు.

సెప్టెంబరు 17, బుధవారం

నేను కాక షెడ్డులోకి పోయేవాళ్ళు ముగ్గురే. పానాని అడిగాను. వాడు వారం నుంచి ఈ వైపు రాలేదు, వాడి షెడ్డులో ఉన్న ఇద్దరు కూడా అదే చెప్పారు.

అత్తయ్యని అడగడం పొరపాటయింది. పొడిగుడ్డతో అద్దం తుడిచారా అన్నానంతే. కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే నా వైపు తిరిగింది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ బట్టలు కుడుతున్నాను. గుడ్డకి నిలువు పోగుంటుంది, అడ్డం పోగుంటుంది. నా చెయ్యి నిద్రలో కూడా గుండ్రంగా తిరగదు. కావాలంటే ఆ భోజనాల బల్ల చూడు, ఎలా తుడిచానో."

బల్ల చూశాను. నిలువుగా తుడిచి ఉంది. క్షమించమన్నాను. సూదిలో దారం ఎక్కించి పెట్టమంది. అదే శిక్ష.

సెప్టెంబరు 18, గురువారం

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. పక్కన ఆయన లేరు. వంటింటి కిటికీలోంచి షెడ్డు కనిపిస్తుంది.

ఆయన బనియనుతో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. అద్దం ఒళ్ళో ఉంది. కుడిచేత్తో ఒత్తి పట్టుకునే బలం ఇంకా లేదు. ఎడమచేత్తో ఉప్పుకాగితం పట్టుకుని రుద్దుతున్నారు. ఎడమచెయ్యి తిన్నగా పోదు. అంట్లు తోమినట్టు గుండ్రంగా తిరుగుతోంది. కాసేపటికి ఆపి, పొడి ఊది, వెలుతురుకి ఎత్తి చూశారు. చాలనుకున్నట్టున్నారు. అద్దాన్ని బల్ల మీద పెట్టి, నేను కప్పినట్టే దుప్పటి కప్పారు. నేను మడిచే మూలనే మడిచారు.

లోపలికి వచ్చి టీ అడిగారు. అద్దం ఎందాకా వచ్చింది అని కూడా అడిగారు.

వస్తోంది అన్నాను.

అది చూసినప్పుడు నాకు ముందు రావాల్సింది కోపం. రాలేదు. ఊరట వచ్చింది. ఎక్కాలని లేదన్నమాట ఆయనకి, అనుకున్నాను. గోదాము కుర్చీ, చక్రాలు గుర్తొచ్చాయి. టీలో చక్కెర రెండుసార్లు వేశాను. ఆయన తాగేశారు.

సెప్టెంబరు 19, శుక్రవారం

అడగలేదు.

సెప్టెంబరు 20, శనివారం

ఆయనది ఉదయం షిఫ్టు, నాది సాయంత్రం షిఫ్టు. ఆయన గీసింది నేను తుడుస్తాను, నేను తుడిచింది ఆయన గీస్తారు. మా కాపురంలో ఇద్దరం కలిసి ఇంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. మా అమ్మాయి పెళ్ళి పనులు కూడా ఇంత సర్దుబాటుగా జరగలేదు.

నేను కూడా ఇప్పుడు సన్నది పట్టడం మానేశాను. ఆయన చుట్లు పోవాలంటే గరుకుదే కావాలి కదా. కారణం దొరికింది.

ఆయన వాడే ముక్క అరిగిపోయింది. అరిగిన కాగితంతో రుద్దితే వేళ్ళు నొప్పెడతాయి. కొత్తది ఒకటి చింపి, స్టూలు దగ్గర, చూసుకోకుండా వదిలేసినట్టు పెట్టాను.

సెప్టెంబరు 21, ఆదివారం

కొత్త ముక్క వాడారు.

సాయంత్రం నేను రుద్దుతుంటే వెనక నిలబడి, నీ భుజాలు పట్టేసి ఉంటాయి అని ఎడమచేత్తో మెడ దగ్గర వత్తారు. గుండ్రంగా.

ఇలా ఇరవై తొమ్మిదో తేదీ దాటిపోతే చాలు. రూటు దానంతటదే పోతుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

సెప్టెంబరు 24, బుధవారం

దగ్గే ఆవు పోయింది.

రైతు ఫోన్ చేసి చెప్పాడు. తిట్టలేదట. మీరు వచ్చి ఉంటే ఏమయ్యేదో గానీ అన్నాడట, అంతే. ఆయన భోజనానికి లేవలేదు. అత్తయ్య ఒకసారి పిలిచి ఊరుకుంది. పడుకోబోయే ముందు ఆ ఆవుకి ఒక కొమ్ము లోపలికి తిరిగి ఉంటుందని, చెవి వెనక గోకితే కాలు ఎత్తి నిలబడుతుందని చెప్పారు. చెప్పి అటు తిరిగి పడుకున్నారు.

ఆ ఆవు మీద నేను ఉప్పుకాగితం పట్టలేదు. అలా అనుకోవడం కుదరడం లేదు.

సెప్టెంబరు 25, గురువారం

పొద్దున్న షెడ్డు తలుపు తెరుచుకోలేదు. కిటికీ దగ్గర నిలబడి చూశాను.

సాయంత్రం గరుకుది పక్కన పెట్టి నడిరకం పట్టాను. తరవాత సన్నది.

సెప్టెంబరు 26, శుక్రవారం

కొత్త చుట్లు లేవు. సెలవు పెట్టి పాలిష్ పూర్తిచేశాను. మెత్తటి బనియను గుడ్డ, పాలిష్ ముద్ద, చెయ్యి అడ్డంగా, నిలువుగా. మసక కొంచెం కొంచెంగా విడిపోయింది. మధ్యాహ్నానికి అద్దం కింద ఉన్న దుప్పటి గళ్ళు కనిపించాయి. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు.

అయిపోయిందా అన్నారు.

అయిపోయింది అన్నాను.

ఇద్దరం అద్దానికేసి చూస్తూ నిలబడ్డాం.

సెప్టెంబరు 27, శనివారం

పానా వచ్చి అద్దం బండికి బిగించాడు. దుమ్ము చుక్క లేకుండా మెరుస్తోంది. తన సలహా లేకుండానే ఇంత బాగా వచ్చిందంటే వదిన చేతిలో పనితనం ఉన్నట్టే అని మెచ్చుకున్నాడు. తరవాత సీటు మీద కూర్చుని ముందుకు చూశాడు. తల ఎడమకి వంచాడు, కుడికి వంచాడు. దిగి అద్దం పైనుంచి చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"వదినా, ఆ కరెంటు స్తంభం నిన్నటిదాకా తిన్నగానే ఉంది కదా?"

నేను కూర్చుని చూశాను. స్తంభం నడుము దగ్గర వంగింది. నేను తల కదిపితే అదీ కదిలింది. ఎదుటింటి గోడ కెరటంలా లేచి దిగుతోంది. మధ్యలో, కళ్ళకి ఎదురుగా వచ్చేచోట, మేమిద్దరం ఎక్కువగా రుద్దిన చోటే.

ఇన్నిసార్లు ఒకేచోట ఎందుకు రుద్దారు, పాపం గీతలు అంత లోతుగా ఉన్నాయా అని పానా అడిగాడు. నేను పాత దుప్పటి మడతపెట్టాను.  దీంతో రోడ్డెక్కితే తిన్నగా ఉన్న రోడ్డులో కూడా మలుపు కనిపిస్తుంది, మీ ఇష్టం అని చెప్పి వాడు వెళ్ళిపోయాడు.

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. నేను బల్ల అంచు మీద కూర్చున్నాను. ఎదురుగా కూర్చుని జవాబు రాని ప్రశ్నలు అడగడం నా ఉద్యోగం. ఇవాళ ఆయనే మొదలుపెట్టారు.

"నీ తప్పేం లేదు. పొద్దున్నపూట నేను గీకాను."

తెలుసన్నాను. కిటికీలోంచి చూశానన్నాను. కొత్త ముక్క పెట్టింది కూడా నేనే అన్నాను.

 ఎందుకు పెట్టావని అడిగారు. అప్పుడు చెప్పాను. పద్నాలుగో తారీఖున ఒక్క గీత మిగిలితే మళ్ళీ గరుకుది పట్టానని, ఆ గీతకి గోరు ఆగిందో లేదో నాకే సరిగ్గా తెలియదని, కొత్త అద్దం కోసం ఒక్క షాపుకే ఫోన్ చేశానని. ఆయనకి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. చేతులు చూసుకున్నారు.

పడ్డ రోజు గురించి ఇప్పటిదాకా కంకర, మలుపు, మణికట్టు అంతవరకే చెప్పారు. ఇవాళ మిగతాది చెప్పారు. పడ్డాక కాలు బండి కింద ఇరుక్కుపోయిందట. వెనక నుంచి లారీ వస్తున్న చప్పుడు వినిపించిందట. తల తిప్పి చూసే వీలు లేదు. లారీ పక్క నుంచి వెళ్ళిపోయింది. డ్రైవరు తనని చూసి తప్పించాడో, చూడకుండానే పోయాడో ఇప్పటికీ తెలీదట. అది తెలియక నిద్ర పట్టడం లేదట.

"ఎక్కాలని ఉంది. ఎక్కితే కాళ్ళు వణుకుతాయనీ ఉంది. ఏది ముందు చెప్పాలో తెలీక అద్దం గీకాను."

"నాకు మీరు ఎక్కకూడదని ఉంది" అన్నాను. "మీరు సీసాలు చదువుతూ కూర్చుంటే చూడలేననీ ఉంది."

అత్తయ్య ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. ఈ ముక్క నోటితో చెప్పుకుంటే ఊరికే అయిపోయేదానికి మొగుడూ పెళ్ళాం చెరో పూట కూలి చేశారు అంది. దగ్గరికి వచ్చి అద్దం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుతూ, ఎక్కడ వంకరగా ఉందో నన్ను సీటెక్కి చూడమంది. నేను చెప్తూ పోయాను. వంకర అంతా పై భాగంలోనే ఉంది. కింద బాగుంది.

"చెడింది పైముక్కే. పంచె పాడైతే పారేస్తామా, తువ్వాలు చేస్తాం. ఒరే అబ్బాయ్, ఎక్కి కూర్చో. కొలత తీసుకోవాలి."

ఆయన బండి వైపు చూశారు. జూలై తరవాత ఎక్కలేదు. స్టాండు మీదే ఉంది, ఇంజను ఆగే ఉంది. అయినా ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక చొక్కాకి కొలత ఇచ్చేవాడిలా తిన్నగా కూర్చున్నారు. అత్తయ్య మెడలోని టేపుతో సీటు నుంచి గడ్డం దాకా, ముక్కు దాకా కొలిచింది. ఊపిరి బిగబట్టకు, రోడ్డు మీద ఎవడూ ఊపిరి బిగబట్టి బండి తోలడు అని కసిరింది. తరవాత అద్దం మీద సుద్దముక్కతో ఒక గీత గీసింది. తిన్నగా కాదు. మధ్యలో కొంచెం దిగి, పక్కల లేచి, కాలరు గీసినట్టు. కళ్ళు గీతకి పైన, ముక్కు కింద.

ఆ గీత దగ్గర కోసేసినా గాలి ఆ అంచు మీదుగా లేచి తల పైనుంచి పోతుందని పానా ఫోన్‌లో చెప్పాడు. బోర్డుల ఆయన్ని కూడా అడిగాను. అవునన్నాడు.

సెప్టెంబరు 28, ఆదివారం

పొద్దున్న పానా సన్నరంపంతో సుద్దగీత మీద కోశాడు. అత్తయ్య పక్కనే నిలబడి, గీత బయట కొయ్యి, గీత మీద కాదు, కుట్టుకి వదలాలి అంటూనే ఉంది. ప్లాస్టిక్కుకి కుట్టు ఉండదు పెద్దమ్మా అంటే, నీ పనికి అసలే ఉండదు అంది. అంచు నేను నునుపు చేశాను. ఈసారి గబగబా చేశాను.

సాయంత్రం ఆయన స్టార్ట్ చేశారు. నేను వెనక ఎక్కాను. ఎందుకు, నేను తిరిగొస్తాలే అన్నారు. నాకు మీ వెనక ఉంటే భయం తక్కువ, ఇంట్లో ఉంటే ఎక్కువ అన్నాను. అది నిజమో కాదో ఎక్కాకే తెలిసింది. నిజం కాదు.

వీధి చివరిదాకా వెళ్ళాం. ఆయన వీపు బిగిసి ఉంది.  ఒక నడిచే మనిషి మమ్మల్ని దాటి వెళ్ళాడు. వీధి మలుపు దగ్గర ఆయన ఆపారు. కాళ్ళు కింద పెట్టి నిలబడ్డారు. వెనక నుంచి ఏదో బండి వచ్చి పక్క నుంచి పోయింది. అది పోయేదాకా ఇద్దరం తల తిప్పలేదు. తరవాత ఆయన గేరు వేశారు. మలుపు తిరిగాం. ఇంకో మలుపు తిరిగి ఇంటికి వచ్చాం.

దిగి చూస్తే ఆయన కళ్ళ నిండా నీళ్ళున్నాయి. గాలి అన్నారు. మా వేగానికి పాత కాగితం కూడా ఎగరదు. అవును, గాలి అన్నాను.

సెప్టెంబరు 29, సోమవారం

పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి రూటు తనకే ఉంచమన్నారు. ఫోన్ పెట్టేసి, గోదాము గుమాస్తాకి కూడా చేసి, ఆ గోడకి ఒక కిటికీ పెట్టించమని చెప్పారు.

అక్టోబరు 1, బుధవారం

పొద్దున్నే వెళ్ళారు. నేను ఆఫీసులో ఫోన్ టేబులు మీద వెలికిల పెట్టుకుని కూర్చున్నాను. మున్సిపాలిటీ వార్తలో కమిషనరు పేరు తప్పు రాశాను. ఎడిటరు దిద్ది, ఏమిటి సంగతి అన్నాడు. మా ఆయన ఉద్యోగంలో చేరారు అన్నాను. శుభాకాంక్షలు అన్నాడు.

మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేశారు. కాలవ అవతలి రైతు ఇంకో ఆవు దగ్గర ఉన్నారట. దీనికీ దగ్గు మొదలైందట, తొలి రోజే పట్టుకున్నామన్నారు. మాట మధ్యలో ఆవు దగ్గింది. విన్నావా, ఇదీ అసలు దగ్గు, ఆరోజు నేను దగ్గింది తప్పు అన్నారు.

పొద్దుగుంకాక ఇల్లు చేరారు. మోకాళ్ళ దాకా బురద. అత్తయ్య లోపలికి రానివ్వలేదు, పెరట్లోనే నీళ్ళు పోసింది. ఆయన నీళ్ళ కింద నిలబడే మొత్తం చెప్పారు: ఏ దూడకి ఏమైందో, ఏ మేక గుర్తుపట్టిందో, ఏది పట్టలేదో. జూలైలో పడ్డ ఆ మలుపు దగ్గర ఏమైందని నేను అడిగాను. దిగి, బండి నడిపించుకుంటూ దాటానన్నారు. వచ్చేటప్పుడు? వచ్చేటప్పుడు కూడా. కొన్నాళ్ళు అలాగే దాటుతానన్నారు.

ఏదో ఊళ్ళో ఒక ఆవు రేపు ఈనేలా ఉందట, మొదటి కాన్పట, చీకటి ఉండగానే బయల్దేరాలట. నాకు భయంగా ఉంది అన్నాను. నాకూ ఉంది అన్నారు. అలారం ఎన్నింటికి పెట్టాలో అడిగి, పెట్టాను.